శరణార్థి వికలాంగులు – ప్రభుత్వ సేవలు

యుద్ధం, మతవిద్వేషం, జాతిహింస మొదలైన కారణాలచేత స్వదేశాన్ని విడిచి పరదేశంలో ఆశ్రయం కోరేవారిని శరణార్థులంటారు. శరణన్నవారిని కాపాడటం మన ఇతిహాసాలు చాటిన ధర్మం. పావురాన్ని రక్షించడానికి శిబిచక్రవర్తి తన శరీరమాంసాన్నే కోసి ఇచ్చాడు. ఆ ధర్మానికి నేడు ప్రభుత్వ కార్యాలయాల గుమ్మాల వద్ద పరీక్ష జరుగుతున్నది.

మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుండి హింసకు వెరచి వచ్చిన రోహింగ్యాలు కొన్ని వేలమంది హైదరాబాదులోని బాలాపూర్ పరిసరాలలో నివసిస్తున్నారు. వారిలో కాలు కోల్పోయిన ఒక యువకుడున్నాడనుకొందాం. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన గుర్తింపుపత్రం అతని వద్ద ఉంటుంది. వైకల్య ధ్రువపత్రానికి వెళ్తే ఆధార్ అడుగుతారు. ఆధార్ లేనిదే యూడీఐడీ కార్డు రాదు. ఆ కార్డు లేనిదే పింఛను గాని, ప్రయాణ రాయితీ గాని లభించవు. లోపించినది అతని కాలొక్కటే కాదు, కాగితం కూడా!

భాష మరొక అవరోధం. వైద్యుని ప్రశ్న రోగికి, రోగి బాధ వైద్యునికి అర్థం కావు. బధిరుల కష్టం ఇంకా ఎక్కువ. సంజ్ఞాభాషలు దేశదేశానికీ మారుతాయి. హింసను కళ్లారా చూసినవారి మనోవ్యథ పైకి కనిపించదు గనుక అది వైకల్యంగా గుర్తింపు పొందడం దుర్లభం. నిర్బంధిస్తారేమోనన్న భయంతో కార్యాలయం మెట్లు ఎక్కనివారూ ఉంటారు.

1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. అయితే వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సాయుధ సంఘర్షణలలో, విపత్తులలో వికలాంగులకు సమాన రక్షణ ఉండాలని దాని 8వ సెక్షన్ చెబుతున్నది. జీవించే హక్కు పౌరులు కానివారికీ వర్తిస్తుందని చక్మా శరణార్థుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో స్పష్టం చేసింది.

మన పౌరులకే చాలని నిధులను పరులకెట్లా పంచగలమని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. కాని వైద్యపరీక్ష చేసి వైకల్యాన్ని నిర్ధారించడానికీ, ఒక దుబాసీని నియమించడానికీ, బస్తీలోనే శిబిరం నిర్వహించడానికీ అపారధనం అవసరం లేదు. ఆశ్రయమిచ్చిన నేలపై అశక్తుడు తన బాధను చెప్పుకొనే అవకాశమైనా కల్పించడం నాగరికసమాజపు కనీస కర్తవ్యం.

అర్థాలు
వెరచి = భయపడి
అవరోధం = అడ్డంకి
బధిరులు = చెవిటివారు
దుర్లభం = పొందశక్యం కానిది
వ్యాజ్యం = న్యాయస్థానంలోని దావా
దుబాసీ = రెండు భాషలు తెలిసి అనువదించి చెప్పేవాడు

ప్రశ్నలు
1. శరణార్థి వికలాంగులు ఎదుర్కొనే అవరోధాలను వివరించండి.
2. నిధుల కొరతను గూర్చిన వాదానికి రచయిత ఇచ్చిన సమాధానంతో మీరు ఏకీభవిస్తారా? చర్చించండి.