సైనిక లారీల పునరుద్ధరణ – ఒక పరిశీలన

అభిరుచులు అనేక విధాలు. తపాలా బిళ్ళలు సేకరించేవారిని, పాత నాణేలు కూడబెట్టేవారిని మనమెరుగుదుము. అమెరికాలోను, ఐరోపాలోను కొందరు సైన్యం వదలివేసిన పాత లారీలను కొని, ఏండ్ల తరబడి శ్రమించి, తిరిగి నడిపించుచున్నారు. అమెరికాలో ఇట్టివారి సంఘమొకటి 1976లోనే ఏర్పడినది. కావ్యపాఠాలు చెప్పుకొను నాకు ఈ ఇనుపసామానుతో పనియేమని విద్యార్థులు అడుగవచ్చును. చదివినకొలది ఈ విద్య నా శాస్త్రమునకు దగ్గరి చుట్టమేనని తోచినది. తాళపత్ర ప్రతిని పరిష్కరించు పండితునికి, తుప్పుపట్టిన లారీ ముందు కూర్చున్న మిస్త్రీకి ఎదురగు ప్రశ్న ఒక్కటే: ఏది మూలము, ఏది ప్రక్షిప్తము?

ఉదాహరణకు ఒక్క లారీని తీసికొందము. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941–45 సంవత్సరాల నడుమ, అమెరికాలో జి.ఎం.సి. వారి సి.సి.కె.డబ్ల్యు. అను లారీలు 5,60,000కు పైగా తయారైనవి. ఆ పేరును సమాసాన్ని విగ్రహించినట్లు విడదీయవచ్చును. మొదటి ‘సి’ 1941 నాటి నమూనాను, రెండవ ‘సి’ సాధారణపు క్యాబిన్‌ను, ‘కె’ ముందు ఇరుసుకు కూడ ఇంజను శక్తి అందుటను, ‘డబ్ల్యు’ వెనుక జంట ఇరుసులు రెండును నడచుటను తెలుపును. 270 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను దీనికి ప్రాణము. బాట లేనిచోట సైతం రెండున్నర టన్నుల సరుకు మోయగలదు. మన దేశపు నేలపై కూడ ఇవి తిరిగినవి. అస్సాంలోని లీడో నుండి బర్మా మీదుగా చైనాకు వేసిన బాటపై 1945 జనవరిలో బయలుదేరిన తొలి వాహనశ్రేణి ఫిబ్రవరి 4న కున్మింగ్ చేరినది.

యుద్ధం ముగిసినది. లారీలు మిగిలినవి. కొన్ని రైతులకు, కలప వర్తకులకు పోయినవి. ఫ్రాన్సు సైన్యం మాత్రం వేలకొలది లారీలను దశాబ్దాలపాటు వాడినది. పారిస్ సమీపాన లా మల్తుర్నే అనుచోట గల కర్మశాలలో వాటిని పూర్తిగా విప్పి తిరిగి కూర్చేవారు. ఒకదాని చట్రము, వేరొకదాని ఇంజను, ఇంకొకదాని క్యాబిన్ కలిసి ఒక లారీ అయ్యెడిది. పలు ప్రతుల పాఠాలు కలగలిసిన వ్రాతప్రతిని చూచినవారికి ఈ చిక్కు వెంటనే బోధపడును.

కొన్నవాడు మొదట చేయవలసినది సుత్తి పట్టుట కాదు, చదువుట. క్యాబిన్‌లోని లోహఫలకంపై సంఖ్యలు, అప్పగించిన తేదీ ఉండును. ఆ సంఖ్య చట్రంపై చెక్కిన సంఖ్యతో కలియవలెను. కలియనిచో ఫలకం ఎక్కడనుండియో వచ్చి చేరినదన్నమాట. తరువాత బానెట్. దానిపై పొరలు పొరలుగా రంగులుండును: రైతు వేసిన ఎరుపో నీలమో, దాని క్రింద ఫ్రెంచివారి ఆకుపచ్చ, అన్నింటికి అడుగున అమెరికా సైన్యపు మెరుపులేని ముదురాకుపచ్చ. తడిపిన గరుకు కాగితంతో, తొందరపడక, ఒక్కొక్క పొరను అరగదీయుచు పోయినచో, అదృష్టమున్న చోట పాత సైనిక సంఖ్య మసకగా బయటపడును. రెండున్నర టన్నుల తరగతి లారీల సంఖ్య 4తో మొదలగును. ఒక్క గంట ఆత్రపడి యంత్రంతో గీకినవాడు ఆ సంఖ్యను శాశ్వతంగా పోగొట్టుకొనును.

యంత్రభాగాల సంగతి కొంత సులభమే, ఎందుకనగా అక్కడ సందేహానికి తావు తక్కువ. ఆరు వోల్టుల విద్యుత్తు కాబట్టి తీగెల కొనలు ఏమాత్రం తుప్పుపట్టినను స్టార్టరు తిరుగదు. క్లచ్చిని రెండుమార్లు తొక్కనిదే గేరు పడదు. బ్రేకు ద్రవం అన్ని చక్రాలకు ఒకే మూలం నుండి పోవును గనుక ఒకచోట కారినచో మొత్తం పోయినట్లే. రంగు వేయుటకు ముందు బ్రేకులు చూడుమని అనుభవజ్ఞులు చెప్పుట ఇందులకే.

అసలు చిక్కు రంగు దగ్గరనే వచ్చును. లారీ పూర్వచరిత్ర తెలియనప్పుడు బంపరుపై ఏ దళం గుర్తులు వ్రాయవలెను? పేరుమోసిన దళాల గుర్తులు వేసికొనుటకు చాలమందికి మోజు. చలనచిత్రాలలో కనబడిన దళమైతే మరీని. నా దృష్టిలో ఇది ప్రక్షిప్తమే. ఎఱ్ఱన అరణ్యపర్వశేషాన్ని పూరించి దానిని రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చినాడు. అయినను పూరించినది ఎవరో, ఎక్కడనుండియో లోకానికి తెలియును. ఆ పూరణ వలన ఎవరి పేరును చెరిగిపోలేదు. బంపరుమీది కల్పిత గుర్తు వలన చెరిగిపోవు పేర్లున్నవి.

1944 ఆగస్టు 25 నుండి నవంబరు 16 వరకు ఫ్రాన్సులో ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ అను సరఫరా మార్గం నడిచినది. ముందుకు సాగిపోయిన సైన్యాలకు పెట్రోలు, మందుగుండు, తిండి రాత్రింబగళ్ళు ఈ లారీలే మోసినవి. మొత్తం 4 లక్షల టన్నులకు మించినది. ఆ లారీలు నడిపినవారిలో ప్రతి నలుగురికి ముగ్గురు నల్లజాతివారు. నాటి అమెరికా సైన్యంలో వారిని వేరు దళాలుగా ఉంచేవారు. ఆ వేర్పాటును తొలగించుటకు అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు 1948 జూలై 26న గాని రాలేదు. లారీని నునుపుగా దిద్ది, పోరాటదళపు గుర్తు వేసి, ఉత్సవంలో ఊరేగించునపుడు ఆ రవాణా దళం చోదకుడు రెండవసారి వెనుకకు నెట్టబడుచున్నాడు. గుర్తు తెలియనిచో బంపరును ఖాళీగా వదలుట మేలు. గ్రంథపాతం ఉన్నచోట చుక్కలు పెట్టుట మన పరిష్కర్తలకు సిగ్గు కాలేదు గదా!

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో చెప్పవలెను. మా ఇంట తాతగారి నాటి ఉర్దూ చేతివ్రాత పుస్తకమొకటి ఉండెను. పుటలు ఊడుచున్నవని ఒక జిల్దుసాజుకు ఇచ్చినాను. ఎంతో శ్రద్ధతో చేసినాడు పాపం. అట్ట చక్కనిది, కుట్టు గట్టిది. కాని అంచులు సమంగా లేవని నలువైపులా కత్తిరించినాడు. తాతగారు పుటల అంచున తెలుగులో వ్రాసికొన్న అర్థాలు, పిల్లల పుట్టినతేదీలు ఆ కత్తిరింపులలో పోయినవి. మా అమ్మగారు ఆ పుస్తకాన్ని చాలసేపు త్రిప్పి చూచి, ‘బాగుంది బాబూ’ అని మాత్రం అన్నారు.

అందుకే, ఏ రైతో తన అవసరానికి లారీ వెనుక అతికించుకొన్న మొరటు ఇనుపకొక్కెం కనబడినపుడు, దానిని కోసివేయవలెనా ఉంచవలెనా అని ఆ అభిరుచిగలవారు రోజులతరబడి వాదించుకొందురని చదివి నాకు నవ్వు రాలేదు. నేనైతే ఉంచుదును. కోయక తప్పదన్నచో ముందుగా ఛాయాచిత్రం తీసి, కొలతలు వ్రాసి, ఆ కొక్కెమును షెడ్డులోనే ఒక మూల భద్రపరతును.