కట్టు విప్పినంక మోకాలి సంగతి

1. ఎముక అతికిందంటే మోకాలు బాగైనట్టు కాదు. కేతేపల్లి మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఆ రోడ్డు మీద బండి మీంచి పడి కాలు విరిగినవాళ్లను ఏండ్లుగా చూస్తున్నాను. కట్టు విప్పగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అసలు జాగ్రత్త అప్పటినుంచే కావాలి.

2. చర్మం మీద గాయం మానితే మచ్చ పడినట్టే, కీలు లోపలి పొరకూ పడుతుంది. ఆ పొర పల్చగా ఉండి, కీలు జారుగా కదిలేందుకు ద్రవం ఊరించాలి. దెబ్బ తగిలి, వాపు తగ్గక నిలిచిపోతే అందులో పీచు పేరుకుని మందమవుతుంది, బిగుస్తుంది. ఎముకల కొనల మీది గుజ్జుకు సొంత రక్తనాళాలు లేవు. కాలు మడిచి చాచినప్పుడు ఆ ద్రవమే దానికి తిండి. కీలు పట్టేస్తే తిండి తగ్గుతుంది, బరువు ఒకేచోట పడుతుంది, గుజ్జు అరుగుతుంది. అరిగిన రజను మళ్లీ పొరను రేపుతుంది. మళ్లీ వాపు, మళ్లీ మచ్చ. అరుగుదలనంతా వయసు మీదికి నెట్టడం నేనొప్పుకోను.

3. డాక్టరు సరేనన్నాక రోజూ ఇది చెయ్యి బిడ్డా. కుర్చీలో కూర్చుని, మడమ కింద పాత గుడ్డ వేసి, నున్నటి గచ్చు మీద కాలు మెల్లగా వెనక్కి జరపాలి. ఎంతదాకా వస్తే అక్కడ సుద్దముక్కతో గీత గీయాలి. వారం పోయాక గీత వెనక్కి జరిగిందా లేదా కనబడుతుంది. కొద్దిపాటి నొప్పికి భయపడొద్దు. తెల్లారేసరికి మోకాలు వాచి వేడెక్కితే మాత్రం తగ్గించాలి. నాట్లకు పోయే ఆడవాళ్లకు ఈ మడతే బతుకుతెరువు, సక్లముక్లం కూర్చోవడం తర్వాతి మాట.

4. ఎవరో పట్టి బలవంతంగా వంచితే లోపల కొత్త గాయమవుతుంది. మోచేతి దెబ్బకు గట్టిగా మర్దన చేయిస్తే కండలోనే ఎముక పెరగొచ్చు.

5. మోకాలే కాదు, షుగరున్నవాళ్లకు భుజమూ తొందరగా పట్టేస్తుంది.

6. మన నల్లగొండ జిల్లాలో కీళ్లు బిగుసుకుంటే నీళ్ల గురించీ అడగాలి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్ల ఫ్లోరైడు ఎంతమంది నడుములు వంచిందో చూశాం. అది మచ్చ కాదు, కీళ్ల చుట్టూ ఉన్న నరాల్లాంటి పట్టీలే ఎముకగా గట్టిపడటం. దేశంలో ఈ జబ్బును 1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించారు. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు.

7. మోకీలు మార్పిడి చేయించుకుంటే ఈ బాధ ఉండదనుకోవద్దు. కొత్త కీలు చుట్టూ కూడా మచ్చ కట్టుకుని బిగుసుకోవచ్చు. అందుకే ఆపరేషనైన రోజో మర్నాడో లేపి నడిపిస్తారు. అప్పుడు "పాపం, పడుకోనియ్యండి" అని ఇంట్లోవాళ్లు అడ్డం పడొద్దు.