గడువు దాటిన మందులు వాడొచ్చా?

ప్రశ్న: మా మామగారికి షుగర్, గుండెజబ్బు. ఆయన మాత్రలు కొన్ని గడువు దాటి రెండు నెలలైంది. పిల్లల సిరప్‌లూ సగం సగం మిగిలాయి. పారేయాలంటే మనసొప్పడం లేదు. వాడొచ్చా?
– ఓ పాఠకురాలు, మెదక్

జవాబు: వద్దమ్మా. గడువు దాటిన మర్నాడే మాత్ర విషమైపోదన్నది నిజమే. అమెరికా సైన్యం తన నిల్వలను పరీక్షిస్తే చాలా మందులు గడువు తర్వాతా పనిచేస్తాయని తేలింది. కానీ అవి సీలు విప్పకుండా, సరైన చల్లదనంలో దాచినవి. మెదక్ ఎండల్లో ఫ్రిజ్ మీది డబ్బాలో ఉన్న మాత్రలకు ఆ భరోసా లేదు.

మామగారి విషయంలో అసలే రాజీ పడకండి. ఇన్సులిన్ పస తగ్గితే షుగర్ అదుపు తప్పుతుంది. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర పనిచేయకపోతే ప్రాణం మీదికొస్తుంది. పిల్లల యాంటీబయాటిక్ పొడిని నీళ్లతో కలిపాక, సీసా మీద గడువు ఎంత ఉన్నా, మామూలుగా వారం, మహా అయితే రెండు వారాలే వాడాలి. కంటి చుక్కలు చాలావరకు మూత తీసిన నెల వరకే. స్ట్రిప్ మీద నెల, సంవత్సరమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా గడువున్నట్టు.

మిగిలినవి సింకులో పోయకండి. యాంటీబయాటిక్స్ నీళ్లలో కలిస్తే మందులకు లొంగని క్రిములు పెరుగుతాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు గడువు దాటిన మందులను ఇంటి ప్రమాదకర చెత్తగా లెక్కించాయి. స్ట్రిప్‌లు కత్తిరించి, విడిగా కవర్‌లో కట్టి మున్సిపాలిటీ బండివాళ్లకు చెప్పి ఇవ్వండి.

ఖర్చే ఇబ్బందైతే ప్రభుత్వాసుపత్రిలో షుగర్, బీపీ మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఇవాళే కొత్తవి తెప్పించండి. డాక్టర్‌ని అడగకుండా మందు మాత్రం ఆపకండి.