మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వచ్చేముందు

చి.ల.సౌ. అమ్మడికి,

అత్తగారినీ మామగారినీ వెంటబెట్టుకుని డిసెంబరులో ఆర్లాండో వస్తున్నామన్న నీ మెసేజ్ చూసి చాలా సంతోషించాను. కాకపోతే "క్రిస్మస్ సెలవుల్లోనే, నాలుగు రోజుల్లో నాలుగు పార్కులూ చూసేస్తాం" అన్న చివరి ముక్క దగ్గర ఆగిపోయాను. అది ఫోన్‌లో రెండు మాటల్లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను. మేం ఇక్కడే ఉండటం వల్ల ఎవరొచ్చినా డిస్నీకి తోడు వెళ్లే పని మాదే. అలా వెళ్లి వెళ్లి తెలుసుకున్నవే ఇవన్నీ. తీరిగ్గా చదువు, అల్లుడికి కూడా చదివి వినిపించు.

ముందు తేదీల సంగతి. డిసెంబరు 25 నుంచి 31 దాకా డిస్నీలో ఏడాది మొత్తంలోకెల్లా ఎక్కువ జనం ఉంటారు. టికెట్ ధర కూడా తేదీని బట్టి మారుతుంది కాబట్టి అత్యంత రద్దీ రోజుకి అత్యంత ఎక్కువ ధర పెడతారు. పాప ఒకటో తరగతే కదా, మూడు నాలుగు రోజులు బడి పోయినా కొంప మునగదు. థ్యాంక్స్‌గివింగ్ అయిపోయిన మరుసటి వారం, సోమవారం నుంచి గురువారం లోపు రండి. దీపాలూ తోరణాలూ క్రిస్మస్ చెట్లూ అప్పటికే పెట్టేసి ఉంటారు. చూడవలసిన శోభ ఏమీ తగ్గదు. బుజ్జిగాడికి మూడేళ్లు నిండేది ఫిబ్రవరిలో కాబట్టి వాడికి టికెట్టే అక్కర్లేదు.

ఆ రోజుల్లోనే ఇంకో కిటుకు ఉంది. నవంబరు, డిసెంబరుల్లో కొన్ని సాయంత్రాలు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో వేరే టికెట్‌తో క్రిస్మస్ పార్టీ జరుగుతుంది. ఆ రోజు మామూలు టికెట్ ఉన్నవాళ్లు సాయంత్రం ఆరింటికల్లా బయటికి రావాలి. రాత్రి బాణసంచా చూడలేమని చాలామంది ఆ రోజుని వదిలేస్తారు. సరిగ్గా అందుకే లైన్లు చిన్నవిగా ఉంటాయి. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న మీకు ఆరింటికి బయటపడటం నష్టం కాదు, మేలు. బాణసంచా ఇంకో రోజు ఎప్‌కాట్‌లో చూడండి. అక్కడ పెద్ద సరస్సు మీద కాలుస్తారు, చుట్టూ ఎక్కడ నిలబడినా కనిపిస్తుంది, తోపులాట తక్కువ. అల్లుడికి సెలవు ఆఖరి వారం తప్ప దొరకదంటే ఒక్కటి గుర్తుపెట్టుకో: కొత్త సంవత్సరం బాణసంచా మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 30వ తేదీ రాత్రి కూడా కాలుస్తారు. 31న మాత్రం వెళ్లకండి.

నాలుగు పార్కుల మాట మానేయి. రెండు చాలు, ఆ రెండింటికీ మధ్య ఒక రోజు ఖాళీ. మ్యాజిక్ కింగ్‌డమ్ పిల్లల కోసం, ఎప్‌కాట్ పెద్దవాళ్ల కోసం. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ద ల్యాండ్ అని పడవ ప్రయాణం ఒకటి ఉంది. పడవ మెల్లగా గాజు పందిళ్లలోకి వెళ్తుంది. మట్టి లేకుండా, వేళ్లు గాలిలో వేలాడుతూ పెరిగే మొక్కలూ, పందిరికి కాసిన కూరగాయలూ, చేపల తొట్లూ పక్క నుంచే కనిపిస్తాయి. జీవితమంతా వ్యవసాయం చేసిన మీ మామగారికి ఆ పావుగంట అన్ని రైడ్ల కంటే ఎక్కువ నచ్చుతుంది. మళ్లీ ఎక్కుతానంటే ఎక్కించు.

కిసిమ్మీలో వంటిల్లు ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారన్నావు. మంచి పని, పెద్దవాళ్లకి రోజూ ఒక పూటైనా అన్నం, చారు పడాలి. అయితే దానికో మూల్యం ఉంది. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లని ప్రతిరోజూ మామూలు సమయానికి అరగంట ముందే లోపలికి వదులుతారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అయితే ఆ అరగంటలో వాళ్లంతా ఫ్యాంటసీల్యాండ్, టుమారోల్యాండ్‌లలోని పేరున్న రైడ్ల ముందు చేరిపోతారు. గేటు తెరవగానే మీరూ అటే పరుగెత్తితే వాళ్ల వెనకాల నిలబడాల్సి వస్తుంది. కాబట్టి కోట వైపు వెళ్లకుండా ఎడమవైపు అడ్వెంచర్‌ల్యాండ్‌కి తిరగండి. ముందు జంగిల్ క్రూజ్ ఎక్కండి, గంట గడిస్తే దాని లైన్ బాగా పెరుగుతుంది. తర్వాత పైరేట్స్, ఆ తర్వాత హాంటెడ్ మాన్షన్. తలుపులు తీసిన మొదటి రెండు గంటల్లో ఎక్కినన్ని రైడ్లు తర్వాత నాలుగు గంటల్లో కూడా ఎక్కలేరు. పదిన్నర, పదకొండుకి బద్ధకంగా వచ్చేవాళ్లతో పార్కు నిండిపోతుంది. పిల్లల్ని నిద్రలేపడానికి జాలిపడకు. మధ్యాహ్నం ఎండలో గంటసేపు నిలబెట్టడం కంటే అదే నయం.

దారి గురించి ముందే తెలిసి ఉండాలి. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్ కట్టినప్పుడు కారు పార్కింగ్‌కీ పార్కు గేటుకీ మధ్య కావాలనే ఒక సరస్సు తవ్వారు. కారు పెట్టాక సెక్యూరిటీ తనిఖీ దాటి, మోనోరైలో ఫెర్రీయో ఎక్కి ఆ సరస్సు దాటాలి. కారు ఆపిన దగ్గర్నుంచి గేటు దాకా ముప్పావుగంట పెట్టుకోండి. తెరిచే వేళకి అరగంట ముందే గేటు దగ్గర ఉండాలి, అందుకని పార్కు తొమ్మిదికి తెరుస్తారంటే మీ కారు ఏడూ నలభై అయిదుకల్లా పార్కింగ్‌లో ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు మోనోరైలు లైన్ పొడుగ్గా కనిపిస్తే ఫెర్రీ వైపు వెళ్లండి, ఒక్కసారికే వందల మందిని ఎక్కించుకుంటుంది.

లైట్నింగ్ లేన్ కొనాలా వద్దా అని అడిగావు. మీ అత్తగారికి ఒక్క మాటలో చెప్పాలంటే తిరుమల మూడువందల రూపాయల దర్శనం టికెట్ లాంటిదను, వెంటనే అర్థమవుతుంది. డబ్బు కట్టి ముందే సమయం తీసుకుంటాం, ఆ గంటలో వెళ్తే పొట్టి లైన్. మ్యాజిక్ కింగ్‌డమ్ రోజుకి మాత్రం కొను, ఎప్‌కాట్‌కి అక్కర్లేదు. బయట దిగినవాళ్లకి మూడు రోజుల ముందు ఉదయం ఏడింటికి డిస్నీ యాప్‌లో తెరుస్తారు. అందులో మల్టీ పాస్ అనే రకంలో ముందుగా మూడు రైడ్లు ఎంచుకోవచ్చు, అందులో పెద్ద డిమాండ్ ఉన్న వరుస నుంచి ఒకటే ఇస్తారు. ఆ ఒకటి పీటర్ పాన్ తీసుకో. చిన్న రైడే, కానీ దాని లైన్ పొద్దున్నించీ రాత్రి దాకా తగ్గదు. మిగతా రెండూ విన్నీ ద పూ, మిక్కీతో ఫొటో. ఒకటి వాడగానే ఫోన్‌లో ఇంకోటి తీసుకోవచ్చు, అందుకే పవర్ బ్యాంక్ మర్చిపోకు. సెవెన్ డ్వార్ఫ్స్ రైడ్‌కి విడిగా డబ్బు కట్టాలి. పాప కోసం అది కట్టు, బాగుంటుంది.

ఇంట్లోనే బూట్లు తొడిగి పాప ఎత్తు కొలువు. సెవెన్ డ్వార్ఫ్స్‌కి 38 అంగుళాలు, టియానాకి 40, స్పేస్ మౌంటెన్‌కి 44, ట్రాన్‌కి 48. ఏది ఎక్కగలదో ఏది ఎక్కలేదో బయల్దేరే ముందు రోజే చెప్పేయి. లైన్ చివర కర్ర పెట్టి కొలిచి వెనక్కి పంపితే ఆ పసిది తట్టుకోలేదు. బుజ్జిగాడి కోసం రైడర్ స్విచ్ అని ఉంది. ఒకరు వాడి దగ్గర ఉండి, మొదటివాళ్లు దిగాక రెండోవాళ్లు లైన్ లేకుండా ఎక్కొచ్చు. లైన్ మొదట్లో ఉన్న ఉద్యోగికి చెప్పండి చాలు.

ఇక్కడ నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒకటుంది. రైడర్ స్విచ్ నువ్వూ అల్లుడూ మార్చుకోవడానికి. మీ అత్తగారిని స్ట్రోలర్ దగ్గర కాపలా పెట్టడానికి కాదు. ఇది మన ఇళ్లలో ప్రతిసారీ జరుగుతుంది. తల్లిదండ్రులు పిల్లతో రైడ్‌కి వెళ్తారు, ఆవిడ బ్యాగులూ బాటిళ్లూ నిద్రపోతున్న మనవడినీ పెట్టుకుని గోడ పక్కన నిలబడుతుంది. "నాకేం పర్లేదమ్మా, మీరు వెళ్లి రండి" అంటుంది. ఆ మాట నమ్మకు. ఆవిడ మోకాళ్ల సంగతి నీకు తెలుసు. గేటు లోపలే వీల్‌చెయిర్లు అద్దెకిస్తారు, పొద్దున్నే వెళ్తేనే దొరుకుతాయి. "కావాలా అత్తయ్యా" అని అడగకు, వద్దనే అంటుంది. బుజ్జిగాడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి వీలుగా ఉంటుందని చెప్పి తీసుకొచ్చెయ్యి. మామగారు డాలరు లెక్కల్ని రూపాయల్లోకి మార్చుకుంటూ నీళ్లు కూడా కొనొద్దంటారు. కౌంటర్ ఫుడ్ అమ్మే చోట ఐస్ వేసిన మంచినీళ్లు అడిగితే ఉచితంగా ఇస్తారని ముందే చెప్పు, హాయిగా తాగుతారు.

పన్నెండు నుంచి మూడు దాకా రైడ్ల వెంట పడకండి. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలూ, వేడిచేయాల్సినవీ మాత్రం కుదరవు. పులిహోర, దద్దోజనం, చేగోడీలు డబ్బాల్లో సర్దుకో. లిబర్టీ స్క్వేర్‌లో కొలంబియా హార్బర్ హౌస్ అని తినే చోటు ఉంది. కింద రద్దీగా ఉన్నా మేడ మీద గదులు ప్రశాంతంగా ఉంటాయి, మెట్ల సంగతి మాత్రం మీ అత్తగారి మోకాళ్లని బట్టి చూసుకో. తిన్నాక ఫిల్‌హార్‌మ్యాజిక్, క్యారసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ చూడండి. రెండూ చల్లటి హాళ్లు, కూర్చుని చూసేవే. బుజ్జిగాడు నిద్రపోతే పోనీ. సాయంత్రం చలి వేస్తుంది, ఫ్లోరిడా కదా అని స్వెట్టర్లు ఇంట్లో వదిలేసి రాకండి.

పొద్దున గేటు దగ్గర పిల్లలిద్దరికీ ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీసి పెట్టుకో. చేతి మీద నీ ఫోన్ నంబర్ రాయి. మామగారి ఫోన్‌లో ఇక్కడి సిమ్ లేకపోతే కాగితం మీద నంబర్ రాసి జేబులో పెట్టు. ఎవరైనా విడిపోతే కోట ముందు కలుద్దాం అనుకోవద్దు, అక్కడ ఎవరికీ ఎవరూ కనపడరు. కొలంబియా హార్బర్ హౌస్ గుమ్మం దగ్గర అనుకోండి. తెల్లటి పేరు బిళ్ల పెట్టుకున్న ఉద్యోగి ఎవరినైనా అడగొచ్చని పాపకి నేర్పు.

పాత వీడియోలు చూసి ప్లాన్ వేసుకోకు. టామ్ సాయర్ ద్వీపం, దాని చుట్టూ ఉన్న నది 2025 జూలైలో మూసేశారు. ఇంకా కొన్ని రైడ్లు మరమ్మతుల్లో ఉండొచ్చు. రావడానికి ఓ వారం ముందు యాప్‌లో చూసుకో. కిసిమ్మీ రోడ్డు పక్కన చవక టికెట్ల బోర్డులు చాలా కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లకు. సగం వాడిన టికెట్ ఇంకొకరికి పనిచేయదు, గేటు దగ్గర వేలి గుర్తు చూస్తారు.

అల్లుడి సెలవు ఖాయమవగానే నాకు ఫోన్ చెయ్యి. లైట్నింగ్ లేన్ తీసుకునే రోజు పొద్దున ఏడింటికి నేనూ మేలుకుని ఉంటాను, ఇద్దరం కలిసి చేద్దాం. మీ పెదనాన్న మీకోసం స్ట్రోలర్ శుభ్రం చేసి పెట్టారు. ఇడ్లీ పిండి నేను రుబ్బి తెస్తాను, గ్రైండర్ మోసుకురాకు.

మీ అత్తగారికీ మామగారికీ మా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు.

దీవెనలతో,
పెద్దమ్మ