మొగలిపూల తైలము

పుష్పకైంకర్యమునందు మొగలికి చిత్రమైన స్థానమున్నది. లింగోద్భవ సమయమున బ్రహ్మదేవుని పక్షమున అసత్యసాక్ష్యము పలికినందున అది శివార్చనకు అనర్హమైనదని పురాణగాథ. వైష్ణవాలయములలో ఆ నిషేధము లేదు. తిరుమలలో కార్తీకమాసమున జరుగు పుష్పయాగమునందు చేమంతి, సంపంగి, గన్నేరు మున్నగువానితోపాటు మొగలిరేకులును శ్రీవారికి సమర్పింపబడును.

మొగుళ్లపల్లివంటి, సముద్రమునకు దూరమైన ఊళ్లవారికి మొగలి సాధారణముగా సీసాలోని పరిమళముగానే పరిచయము. ఆ సీసాకు మూలము శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం, కవిటి ప్రాంతములు మొదలుకొని ఒడిశాలోని గంజాం జిల్లావరకు గల ఇసుక నేలలు. గంజాం 1936 వరకు మద్రాసు రాష్ట్రములోనిదే. బరంపురం, ఛత్రపురం ప్రాంతములలో నేటికిని తెలుగు కుటుంబములు ఎన్నో ఉన్నవి. గంజాం మొగలిపువ్వునకును, దాని తైలమునకును వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు లభించినది.

మొగలిలో ఆడ, మగ చెట్లు వేరు. పరిమళమంతయు మగపువ్వుదే, ఆడచెట్టు అనాసను పోలిన కాయ కాయును. పొలముగట్లకు కంచెగా పెరుగు ఈ పొద ఆకునకు రెండు అంచులందును, నడిమి ఈనె క్రిందను ముండ్లుండును. వానాకాలమున పూత మిక్కుటము. తెల్లవారుజామున, పొత్తి విచ్చుకొనుచున్న తరుణముననే పువ్వును కోయవలెను. ఎండ పడిన కొలది సుగంధము ఎగిరిపోవును గావున ఆనాటి పువ్వు ఆనాడే బట్టీకి చేరవలసినదే. పొద్దు పొడవకముందే ముండ్లలో చేయి పెట్టువాని కష్టము అత్తరు కొనువానికి కానరాదు.

బట్టీలో జరుగు పని కన్నౌజు అత్తరువారి పాత పద్ధతి. పెద్ద రాగి డేగిసాలో సుమారు వేయి పువ్వులను, తగినంత నీటిని పోసి, మూతను మట్టితో బిగించి, క్రింద కట్టెలమంట పెట్టుదురు. మూతనుండి వెదురుగొట్టము నీటితొట్టిలో మునిగియున్న రాగికూజాలోనికి పోవును. ఆవిరి అక్కడ చల్లబడి ద్రవమగును. మంట హెచ్చినచో పువ్వు మాడిన వాసన వచ్చును. తగ్గినచో ఆవిరి సాగదు. అనుభవజ్ఞుడు కూజాను చేత తడిమియే లోపలి సంగతి గ్రహించును. ఆ కూజాలో ముందే చందనతైలము పోసి ఉంచి, దినదినము క్రొత్త పూల ఆవిరిని దానికే పట్టించినచో మొగలి అత్తరు. చందనము లేక, దిగిన నీటినే మరల మరల కాచి, పైకి తేలిన నూనెను వేరుచేసినచో ‘రూహ్’, అనగా అచ్చమైన తైలము. అది వేలాది పువ్వులకు స్వల్పముగా మాత్రమే లభించును. మిగిలిన సువాసనజలమే మిఠాయిలలోను, బిర్యానీలోను వాడు కేవడా నీరు.

కేరళ వైద్యములోని కేతకీమూలాది తైలము ఇది కాదు. అది మొగలివేరుతో వండిన నూనె. కీళ్లనొప్పులకు పైపూతగా వాడుదురు. పేరు చూచి భ్రమపడరాదు.

చింతించదగిన విషయమొకటి ఉన్నది. ఈ తైలములో, అత్తరులో అధికభాగము చిరకాలముగా జర్దా, పాన్ మసాలాల తయారీకే పోవుచున్నది. మాలకు ఏరవలసిన పువ్వు పొగాకుకు పరిమళమగుట బాధాకరమే గాని, కోతకూలికి కాసులు వచ్చినది ఆ బేరమువలననే అనుటయు సత్యమే. వేరొక చిక్కును కలదు. తైలములో ప్రధానద్రవ్యమైన ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథరును కర్మాగారములలో చౌకగా తయారుచేయవచ్చును. అందుచే బజారులోని సీసాలలో పువ్వు ఎరుగనివే హెచ్చు. చందనము ప్రియమైనందున అత్తరులో ఖనిజతైలము కలుపుటయు కలదు. దీనికితోడు 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తీరము దాటి ఆ సీమనంతటిని తాకినది.

గృహస్థులు నైవేద్యములో వేయదలచినచో తినుటకు యోగ్యమని సీసాపై ముద్రించిన కేవడా నీటినే, అదియు చెమ్చాకు మించకుండ వాడవలెను. పూతకై అమ్ము అత్తరును పాయసములో వేయుట ప్రమాదము. స్వామివారి వస్త్రములకు పరిమళము కావలెనన్న, మా అభిప్రాయమున అత్తరుకంటె రేకే మేలు. మన పెద్దలు పట్టుచీరల పెట్టెలో వేసిన రీతిగా, నీడన ఆరిన మొగలిరేకులను వస్త్రముల మడతలలో ఉంచినచో పూవు వాడినను వాసన చాలదినములు నిలుచును, నూనెమరక పడదు.