వైద్యుని వాకిట నిరీక్షణ

పెరుమాళ్ తిరుమొళి అయిదవ దశకమున కులశేఖరాళ్వారు విత్తువక్కోటి స్వామికి శరణాగతుని మనస్సును విన్నవించుచు, కోసి కాల్చు వైద్యునియెడ ప్రేమ వీడని రోగిని ఉపమానముగా గ్రహించిరి. ఆస్పరినుండి బస్సెక్కి కర్నూలు పెద్దాసుపత్రి చేరిన క్యాన్సరు రోగికి అది కేవలము ఉపమానము కాదు.

అయితే కోతకన్న ముందు నిరీక్షణ కలదు. గడ్డనుండి తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి వ్యాధి ఏ జాతిదో తేల్చవలెను. అది ఎంతవరకు ప్రాకినదో స్కానింగు చెప్పవలెను. పిమ్మట శస్త్రవైద్యుడు, కిరణచికిత్సకుడు, మందుల వైద్యుడు కూడి ఏది ముందో యోచింతురు. కొన్ని గడ్డలను మందుతో కుదించిన పిదపనే కోయుట మేలు. కనుక ఈ జాగు ఉపేక్ష కాదు. మంచముపైనున్నవానికి మాత్రము దినమొక యుగము. పత్తిచేను, అప్పు గుర్తుకు వచ్చును. "ఇల్లు చేరి మ్రొక్కుకొందము" అని బంధువులందురు.

మహావిశ్వాసము శరణాగతికి అంగమే. దానిని చికిత్స విడుచుటకు సాకుగా చేసికొనుట తగదు. తిరుపతిలో దేవస్థానమువారిచ్చిన స్థలముననే టాటా ట్రస్టువారి క్యాన్సరు ఆసుపత్రి 2022లో తెరువబడినది గదా! ఏ ఫలితము రావలసియున్నది, ఎన్నడు వచ్చును, అంతవరకు నొప్పికి మందేమి అను మూడు ప్రశ్నలను కాగితముపై వ్రాయించుకొని, ఉదయము వైద్యుడు వచ్చినపుడు రోగి అడుగవలెను.