ఛార్జింగ్ బ్యాటరీలు – మనం తెలుసుకోవలసిన సంగతులు

జూన్‌లో హాస్టల్ తెరవగానే మనం తరచూ చూసే విషయం ఒకటుంది. ఏప్రిల్‌లో పరీక్షలప్పుడు గంటల తరబడి వెలిగిన ఎమర్జెన్సీ లైటు, ఇప్పుడు రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా ఐదు నిమిషాలకే ఆరిపోతుంది. వెంటనే "మాల్ మంచిది కాదు" అని తీర్మానించేస్తాం. చాలాసార్లు అసలు కారణం వేసవి సెలవులే.

పాత రకం ఎమర్జెన్సీ లైట్లలో ఉండేది సీసం-ఆమ్లం బ్యాటరీ. దీనిని 1859లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. ఒక్కో సెల్లు సుమారు 2 వోల్టులిస్తుంది. లైటు వెలుగుతున్నంతసేపూ లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతూ ఉంటుంది. వెంటనే ఛార్జి చేస్తే అది మళ్ళీ సీసంగా, లెడ్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. ఖాళీ బ్యాటరీని వారాల తరబడి వదిలేస్తే మాత్రం ఆ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుపోతుంది. ఆపైన ఎంతసేపు ఛార్జింగ్ పెట్టినా పాత శక్తి రాదు. అందుకే ఊరికి బయలుదేరే ముందు లైటును నిండా ఛార్జి చేసి, స్విచ్ ఆపి దాచాలి. సెలవుల్లో నెలకొకసారి ఛార్జింగ్ పెట్టమని వాచ్‌మన్ అన్నకు చెప్పి వెళ్తే ఇంకా మంచిది.

సెల్‌ఫోన్ల సంగతి వేరు. వాటిలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ కంపెనీ దీనిని మార్కెట్లోకి తెచ్చింది. దీని రూపకల్పనకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. "ఫోను పూర్తిగా ఆరిపోయాకే ఛార్జింగ్ పెట్టాలి" అని సీనియర్లు చెబుతుంటారు కదా, ఆ మాట నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. లిథియం బ్యాటరీకి అలా చేస్తే ఆయుష్షు తగ్గుతుంది. 20 నుంచి 80 శాతం మధ్య ఉంచడం మేలు. ఎక్కువ రోజులు వాడకుండా దాచాలంటే సగం ఛార్జి చాలు. సీసం బ్యాటరీకి చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు! ఇప్పుడు చాలా ఎమర్జెన్సీ లైట్లలోనూ లిథియమే వస్తోంది కనుక ముందు లేబుల్ చూడాలి. 4 లేదా 6 వోల్టులని ఉంటే సాధారణంగా సీసం, 3.7 అని ఉంటే లిథియం.

దీనికి పెద్ద శత్రువు వేడి. దిండు కింద పెట్టి ఛార్జి చేస్తే ఆ వేడికి బయటకు దారి ఉండదు. లోపలి ద్రవం మండే స్వభావం గలది. పక్కపక్కనే పరుపులు, ట్రంకు పెట్టెలు, పుస్తకాలు ఉన్న హాలులో అందరం నిద్రపోతుంటామని మరచిపోకూడదు. ఫోను వెనుక మూత ఉబ్బితే ఛార్జింగ్ వెంటనే ఆపాలి. నొక్కకూడదు, పిన్నుతో గుచ్చకూడదు. వార్డెన్ గారికి చెప్పి, మంట అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచాలి. పాడైన బ్యాటరీలను చెత్తతో కలిపి కాల్చడం మరీ ప్రమాదం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదారులది. కనుక కొత్తది కొన్నప్పుడే పాతదానిని తీసుకుంటారేమో దుకాణంలో అడగాలి.